గోదావరి డెల్టాలో సొంత పాటల రాక్ బ్యాండు: గది నుంచి వేదిక దాకా చేయాల్సిన పనులు

భీమవరం నుంచి అడిగినా, అమలాపురం నుంచి అడిగినా, కాకినాడ నుంచి అడిగినా మొదటి ప్రశ్న ఒకటే: "అన్నా, ఏ గిటారు కొనమంటావు?" గిటారు సంగతి నాలుగో అంశంలో వస్తుంది. అంతకంటే ముందు తేలాల్సినవి మూడున్నాయి: ఎవరెవరు వాయిస్తారు, ఎక్కడ వాయిస్తారు, కొన్న సామాను ఈ తేమలో ఎలా బతుకుతుంది. మన దగ్గర బ్యాండ్లు పాట బాగోక ఆగిపోవడం తక్కువ. గది పోయి, తీగలు తుప్పుపట్టి, మైకుసెట్టాయనతో మాట పడక, లెక్కలు రాసుకోక ఆగిపోతాయి. అందుకే ఈ వరుస.

రెండు గిటార్లు, ఒక బేసు, ఒక డ్రమ్స్, వాయించేవాళ్లలోనే ఒకరిద్దరు పాడేవాళ్లు. ఇలాంటి నలుగురి బ్యాండును మనసులో పెట్టుకుని రాశాను. ఆర్కెస్ట్రా నడిపేవాళ్లకు 3, 8, 9 అంశాలు సరిపోతాయి.

## 1. మనుషులు, మాట, కాగితం

నలుగురిలో కనీసం ముగ్గురు ఇక్కడే ఉండేవాళ్లు కావాలి. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ సంక్రాంతికి వచ్చే స్నేహితుడు ఎంత బాగా వాయించినా అతన్ని లెక్కలో వేసుకోకండి. వచ్చినప్పుడు అతిథిగా రెండు పాటలు వాయిస్తాడు, అంతే.

అన్నిటికంటే కష్టం డ్రమ్మరు దొరకడం. వెతకాల్సిన చోటు చర్చి. డెల్టాలో చాలా చర్చిల్లో డ్రమ్ కిట్టు, కీబోర్డు, వాటి మీద వారం వారం చెయ్యి తిరిగిన కుర్రాళ్లు ఉంటారు. ఆర్కెస్ట్రాల్లో ప్యాడ్ వాయించేవాళ్లు రెండో దారి. ఒకటి గుర్తుపెట్టుకోండి, చర్చిలో వాయించేవాళ్లకు ఆదివారాలు, డిసెంబరు నెల ఖాళీ ఉండవు. రిహార్సల్ వారం మధ్యలో పెట్టుకోవాలి.

తర్వాత, ఎక్కడ కలుస్తారో తేల్చండి. రాజమండ్రి, తణుకు, అమలాపురం వైపులవాళ్లకు రావులపాలెం మధ్యస్థం. హైవే మీదే ఉంది, అమలాపురం రోడ్డు అక్కడే కలుస్తుంది. రాజోలు, పాలకొల్లు, నరసాపురం వైపువాళ్లయితే చించినాడ వంతెనకు ఇటో అటో చూసుకోండి. సఖినేటిపల్లి పంటు (గోదావరి దాటించే బల్లకట్టు) మీద ఆధారపడి రిహార్సల్ పెట్టుకోవద్దు. వరదొస్తే పంటు ఆగుతుంది, డ్రమ్ కిట్టు అవతల రేవులో ఉండిపోతుంది.

మూడో రిహార్సల్ లోపు ఒక తెల్లకాగితం మీద ఇవి రాసి నలుగురూ సంతకం పెట్టండి:

- ఏ సామాను ఎవరి సొంతం, ఏది బ్యాండుది
- పాట రాసినవాళ్ల పేర్లు, బాణీ కట్టినవాళ్ల పేర్లు, ఒక్కొక్కరి వాటా
- వచ్చిన డబ్బు ఎలా పంచుకోవాలి
- ఎవరైనా వెళ్లిపోతే వాళ్ల పాటలు బ్యాండు వాయించుకోవచ్చా
- బ్యాండు పేరు ఎవరి దగ్గర ఉంటుంది

"మనలో మనకి కాగితాలేంట్రా" అనేవాడు ప్రతి బ్యాండులోనూ ఒకడుంటాడు. ముందు సంతకం అతని చేతే పెట్టించండి.

## 2. గది

కాపురాల మధ్య మేడమీద గది వద్దు. డ్రమ్స్ మోత గోడలకు ఆగదు, మూడో వారానికి ఇంటి ఓనరు ఖాళీ చేయమంటారు. వెతకాల్సినవి: మూతపడ్డ రైసుమిల్లు పక్క గోదాము, కొబ్బరి గోదాము, చేల మధ్య మోటారు షెడ్డు కన్నా పెద్దదైన ఏ ఇటుక గదైనా. అద్దె మాట్లాడేటప్పుడు పంట రోజులు అడగండి. సార్వా, దాళ్వా కోతలప్పుడు గోదాముల్లో బస్తాలు దిగుతాయి. ఆ వారాల్లో మీకు చోటుండదు.

ఆషాఢంలో, మూఢాల్లో పెళ్లిళ్లుండవు కాబట్టి చిన్న కల్యాణ మండపాలు ఖాళీగా ఉంటాయి. షో ముందు నాలుగైదు పెద్ద రిహార్సళ్లకు, వీడియో తీసుకోవడానికి అప్పుడు తక్కువకే మాట్లాడుకోవచ్చు.

గది దొరికాక రెండు పనులు వేరువేరుగా చూడాలి. శబ్దం బయటికి పోకుండా ఆపడం ఒకటి, లోపల మారుమోగకుండా చేయడం ఇంకొకటి. మొదటిది బరువైన గోడ, సందు లేని తలుపు వల్లే అవుతుంది. రెండోదానికి మన దగ్గర చౌక సరుకుంది: కొబ్బరి పీచు పరుపులు. పాతవి నాలుగైదు తెచ్చి, గోడకు నాలుగు వేళ్ల ఎడం వదిలి నిలబెట్టండి. మూలల్లో రెండు పొరలు వేయండి, బేసు గుమిగూడేది అక్కడే. కోడిగుడ్ల అట్టలు అంటించడం దండగ, అవి రెంటికీ పనికిరావు.

పీచు అంటుకుంటే ఆగదు. పరుపుల వెనక నుంచి కరెంటు తీగ పోనివ్వకండి. గదిలో సిగరెట్టు, అగరుబత్తి రెండూ నిషేధం. తలుపు దగ్గర ఇసుక బకెట్టు ఒకటి ఉంచండి.

సిమెంటు రేకుల కప్పయితే వానాకాలంలో చినుకుల మోతకు రికార్డింగు మానుకోవాలి. రిహార్సల్‌కు అడ్డం లేదు.

గది చెక్‌లిస్టు:

- సామాను పెట్టే బల్లలు మోకాలి ఎత్తుకు పైన (అక్టోబరు, నవంబరు తుఫాన్లకు నేలమీద నీళ్లు నిలుస్తాయి)
- వైర్లకు ఇనుప ట్రంకుపెట్టె (ఎలుకలు ముందు కొరికేది వైర్లనే)
- ఎర్తింగు ఉన్న ప్లగ్గు పాయింట్లు, ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించినవి
- తాళంచెవులు ఇద్దరి దగ్గరే
- అందరికీ చెవి ప్లగ్గులు

చెవి ప్లగ్గుల్ని తేలిగ్గా తీసుకోవద్దు. 85 డెసిబెల్స్ మోతను 8 గంటలు తట్టుకోవచ్చనే లెక్కలో, ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది 15 నిమిషాలు. చిన్న గదిలో డ్రమ్స్, రెండు యాంపులు (గిటారు మోత పెంచే యాంప్లిఫయర్లు) కలిస్తే 100 దాటడం ఏమంత కష్టం కాదు.

## 3. తేమ, ఉప్పుగాలి

గిటారు కంపెనీలు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిదంటాయి. మన దగ్గర ఏడాదిలో చాలా రోజులు అంతకు పైనే. చెక్క నీరు పీల్చి ఉబ్బుతుంది. అకౌస్టిక్ గిటారుకు పొట్ట పైకి లేచి తీగలు ఎత్తవుతాయి. ఎలక్ట్రిక్ గిటారుకు ఒళ్లు గట్టిదే గానీ మెడ వంగుతుంది. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ లాంటి తీరం ఊళ్లలో దీనికి తోడు ఉప్పుగాలి. స్క్రూలు, బ్రిడ్జి, పికప్పులు, జాక్ సాకెట్లు తుప్పుపడతాయి.

రోజూ చేయాల్సింది: వాయించాక పొడిగుడ్డతో తీగల్ని పైనుంచీ కింది నుంచీ తుడవండి. గుడ్డను తీగల కిందికి దూర్చి మెడ పొడవునా లాగాలి. చెమట చేరేది ఎక్కువ అక్కడే. చెయ్యి కడుక్కుని వాయించడం మొదలుపెట్టండి, ముఖ్యంగా పునుగుల బండి దగ్గర్నుంచి వస్తే.

పెట్టెలో పెట్టాల్సింది: గట్టి కేసు, లోపల సిలికాజెల్ సంచులు, పదిమందీ కొనగలిగే చిన్న తేమ మీటరు ఒకటి. నారింజరంగు జెల్ తేమ తాగితే పచ్చబడుతుంది. మళ్లీ వేడిచేస్తే ఆరి పాత రంగుకొస్తుంది. బియ్యం మూట పెట్టమనే సలహా వింటారు. వద్దు, మన వాతావరణంలో నెల తిరక్కుండా కేసునిండా పురుగు.

మెడ చూసుకునే పద్ధతి:

1. తీగలన్నీ సరిగ్గా ట్యూన్ చేయండి.
2. మొదటి ఫ్రెట్ (మెడ మీది అడ్డకమ్మీ) దగ్గర లావు తీగను ఒక చేత్తో, మెడ ఒంటికి కలిసే చోటి ఫ్రెట్ దగ్గర అదే తీగను ఇంకో చేత్తో నొక్కండి.
3. ఏడో ఫ్రెట్ మీద తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు చూడండి. ఒక విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే బాగున్నట్టే.
4. అంతకన్నా ఎక్కువుంటే మెడ లోపలుండే ఇనుప కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను బిగించాలి, అసలు సందే లేకపోతే వదలాలి. ఒక్కసారికి పావు చుట్టు, అంతకు మించొద్దు.
5. ఒక రోజు ఆగి మళ్లీ చూడండి. చెక్క వెంటనే మాట వినదు.

రాడ్ గట్టిగా ఉండి తిరగకపోతే బలం పెట్టకండి. అది తెలిసినవాళ్ల చేతికివ్వాల్సిన పని. రాడ్ విరిగితే మెడ మార్చుకోవాలి.

డ్రమ్ కిట్టు ప్లాస్టిక్ తోళ్లకు తేమతో పెద్ద పేచీ లేదు. మీ పాటల్లో డప్పో డోలకో కలిపితే మాత్రం వానాకాలం సాయంత్రం అవి జావగారిపోతాయి. వేదిక ఎక్కే ముందు కాపుకోవడానికి చోటు అడిగి పెట్టుకోండి. కిట్టు బోల్టులకు నెలకోసారి మిషను నూనె చుక్క సరిపోతుంది.

## 4. ఏది ముందు కొనాలి

డబ్బు పరిమితంగా ఉందనుకుని వరుస చెబుతున్నాను:

1. మంచి వైర్లు, మైకుకు వాడే ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుళ్లు, రెండు డీఐ బాక్సులు (గిటారును, బేసును నేరుగా మిక్సరుకు కలిపే చిన్న పెట్టెలు)
2. గొంతుకు సొంత మైకు (షూర్ ఎస్ఎం58 తరహా డైనమిక్ మైకు చాలు)
3. ఒక మల్టీమీటరు (వోల్టేజీ కొలిచేది)
4. బేసు గిటారు
5. గిటారు ఎఫెక్టులకు ఒక మల్టీ ఎఫెక్ట్స్ పెడల్
6. సొంత సింబళ్లు (కిట్టులోని ఇత్తడి పళ్లేలు), స్నేర్ డ్రమ్ము (కిట్టులో మిగతాది అద్దెకు దొరుకుతుంది)
7. ఆఖరున, మంచి గిటారు

వాల్వు యాంపు మీద మోజు అందరికీ ఉంటుంది. వోల్టేజీ ఊగే ఊళ్లల్లో, లారీ మీద రోడ్డు గతుకుల్లో దాన్ని తిప్పడం శిక్ష. మల్టీ ఎఫెక్ట్స్ నుంచి నేరుగా మిక్సరుకి ఇస్తే మైకుసెట్టాయన దగ్గర అదనపు మైకు లేకపోయినా పని నడుస్తుంది. పాత గిటారును బాగా సెటప్ చేయించి వాయిస్తే ముందు వరుసలో నిలబడ్డవాడికి కూడా తేడా తెలీదు.

## 5. తెలుగు మాటను రిఫ్ మీద కూర్చోబెట్టడం

సొంత పాటల బ్యాండ్లు ఎక్కువ తడబడేది ఇక్కడే. రిఫ్ (గిటారు మీద మళ్లీ మళ్లీ తిరిగొచ్చే చిన్న స్వరాల ముక్క) ముందు పుడుతుంది, మాటలు తర్వాత దూరుస్తారు, అవి ఇరుక్కుని నలిగిపోతాయి. ఛందస్సు పుస్తకమంతా చదవక్కర్లేదు, మాత్రలు లెక్కపెట్టడం వస్తే చాలు. పొట్టి అక్షరం ఒక మాత్ర. దీర్ఘం రెండు. ఒత్తక్షరానికి ముందున్నది, సున్నా ఉన్నది కూడా రెండే.

ఒక చరణం పాదం తీసుకుందాం:

*కాలువ నీళ్ళు ఆగిన రాత్రి*

"కాలువ" నాలుగు మాత్రలు. "నీళ్ళు" మూడు. "ఆగిన" నాలుగు. "రాత్రి" మూడు. అంటే 4+3, 4+3. ఇది పుట్టుకతోనే మిశ్రగతి, ఏడు మాత్రల నడక. దీన్ని తీసుకెళ్లి మామూలు నాలుగు దెబ్బల రిఫ్ మీద పెడితే పాడేవాడు ఎక్కడో ఒకచోట ఆగి ఊపిరి పీల్చినట్టు అనిపిస్తుంది. తప్పు గొంతుది కాదు.

ఇప్పుడు దారులు రెండు. రిఫ్‌నే ఏడుకు మార్చండి: డ్రమ్మరు 4+3గా కొడితే, "కాలువ" మీద కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము), "నీళ్ళు" మీద స్నేర్ పడి పాట తనంతట తానే నడుస్తుంది. లేదా మాట మార్చండి:

*కాలువ నీళ్ళే ఆగిన రాత్రే*

ఇప్పుడు అన్నీ నాలుగేసి. ఎనిమిదో వంతు స్వరానికి, అంటే అర దెబ్బకు ఒక మాత్ర చొప్పున రెండు బార్లకు (బారుకు నాలుగు దెబ్బలు) సరిగ్గా సరిపోతుంది. ఆల్టర్నేటివ్ రాక్‌కు నాకైతే మొదటి దారే ఇష్టం. ఏడు మాత్రల రిఫ్‌ను బయటివాళ్లు కష్టపడి నేర్చుకుంటారు, మన మాటల్లో అది ఊరికే దొరుకుతుంది.

పాట కట్టే వరుస:

1. రిఫ్‌ను ఫోన్‌లో రికార్డు చేసి, దానిమీద "తానన తాన" అంటూ నోటికొచ్చిన నడక పాడండి.
2. ఆ నడకలో మాత్రలు లెక్కపెట్టి రాసుకోండి.
3. ఆ లెక్కకు సరిపోయే మాటలు వెతకండి. ముందు పల్లవి, దాని ఆఖరి మాట.
4. గిటారు లేకుండా, చిటికె వేస్తూ మామూలుగా చదవండి. మాట్లాడినట్టు లేకపోతే కొట్టేయండి.
5. అప్పుడు గిటారుతో పాడండి.

తరచూ జరిగే తప్పు: పొట్టి అక్షరాన్ని సాగదీయడం. పొడుగు స్వరం "గది"లో "గ" మీద పడితే వినేవాళ్లకు "గాది" వినిపిస్తుంది. సాగదీయాలంటే మాట చివరి అచ్చును సాగదీయండి, లేదా అక్కడ దీర్ఘం ఉన్న మాట వేయండి. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగిసేవే కాబట్టి చివర పట్టుకోవడానికి ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది.

ఇంకొకటి: అమెరికా యాస. "రాత్రి"ని "ర్యాత్రి" అని పాడితే పాలకొల్లులో ఎవరూ క్షమించరు.

మూడోది: గిటార్ల డిస్టార్షన్ (గరగర మోత) కింద హల్లులు మునిగిపోవడం. పాడేటప్పుడు గిటార్లలో 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య కాస్త తగ్గించండి. మాట తెలిసేది ఆ భాగంలోనే. ఇద్దరు గిటారిస్టుల్లో ఒకరు చరణంలో ఊరుకుంటే ఇంకా మంచిది. ఊరుకోవడానికి ఒప్పుకునే గిటారిస్టు దొరకడం వేరే సంగతి.

## 6. రిహార్సల్

వారానికి రెండుసార్లు, రెండున్నర గంటలు. అంతకు మించితే చెవులు పనిచేయవు.

- మొదటి 15 నిమిషాలు: ట్యూనింగు, వైర్లు, మెట్రోనోమ్‌తో (టక్‌టక్‌మని లయ చెప్పేది) ఒక పాత పాట
- తర్వాత గంట: ఒకే ఒక కొత్త పాట, ముక్కలుగా
- పది నిమిషాలు టీ
- మిగతా సమయం: సెట్ మొత్తం (షోలో వాయించే పాటలన్నీ) ఆపకుండా

"ఆపకుండా" అన్నది గట్టిగా పాటించండి. తీగ తెగినా, పదం మర్చిపోయినా ముందుకెళ్లాలి. వేదిక మీద "సారీ, మళ్లీ మొదలెడదాం" అన్న బ్యాండును జనం వదిలేసి బజ్జీల కొట్టుకు పోతారు. ప్రతి రిహార్సల్‌నూ ఫోన్‌లో రికార్డు చేసి, మర్నాడు ఎవరికివారు విని, సరిదిద్దుకోవాల్సినవి మూడు రాసుకురండి. పక్కవాళ్ల తప్పులు కాదు, ఎవరివి వాళ్లవి.

మొదటి షోకి 40 నిమిషాల సెట్ చాలు, ఎనిమిది పాటలు. ఆరు సొంతవి, రెండు జనానికి తెలిసినవి. ఆ రెండూ సినిమా పాటలే కానక్కర్లేదు. మీ ఊరి పాత జానపదాన్నో, పడవ పాటనో మీ బాణీలో వాయిస్తే ముసలివాళ్లు కూడా కుర్చీ లాక్కుని కూర్చుంటారు.

## 7. వేదిక, అనుమతి

ఇక్కడ రాక్ కోసం పెట్టిన వేదికలు వెతికితే దొరకవు. ఉన్నవాటిలోనే దూరాలి: ఇంజినీరింగు కాలేజీల వార్షికోత్సవాలు, వినాయక చవితి, దసరా పందిళ్లు, సంక్రాంతి మూడు రోజులు, తీర్థాలు, కాకినాడ, రాజమండ్రి కేఫేలు. మొదటి షో కాలేజీలో పెట్టుకోండి. హాలు మూసి ఉంటుంది, వినేవాళ్లు మీ వయసువాళ్లు, కరెంటు కాస్త నమ్మకం.

కమిటీవాళ్లను అడిగేటప్పుడు "రాక్ బ్యాండు" అంటే గాభరా పడతారు. రెండు నిమిషాల వీడియో చూపించి, "నలభై నిమిషాలండి, డ్యాన్సు ప్రోగ్రాముకి ముందు మమ్మల్ని వేయండి" అని సమయం మీరే చెప్పండి. తర్వాత వేయమంటే పదిన్నర అవుతుంది, అప్పటికి మైకు ఆపాలి.

ఆ ఆపడం మాట ఉత్తిది కాదు. శబ్ద కాలుష్య నిబంధనలు, 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు కూడదు. మూసిన ఆడిటోరియం, కమ్యూనిటీ హాలు లాంటివాటికి మినహాయింపు ఉంది. పండగలకు రాష్ట్ర ప్రభుత్వం 12 దాకా పొడిగించవచ్చు, అదీ ఏడాదిలో 15 రోజులకు మించకుండా. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లను నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించే వీలుంది. మైకు అనుమతి కాగితం కమిటీ తెచ్చిందో లేదో మీరే అడిగి, ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి.

సంక్రాంతికి మైకుసెట్లు, బళ్లు, జనరేటర్లు ఏవీ దొరకవు. నవంబరులోనే మాట్లాడుకోవాలి.

## 8. మైకుసెట్టాయనతో పని

షో ఎలా వినిపిస్తుందన్నది మీకంటే ఎక్కువ ఆయన చేతిలో ఉంది. ఆయన రోజూ చేసేది పెళ్లిళ్లు, సభలు, డీజే. డ్రమ్ కిట్టుకు మైకులు పెట్టడం ఆయనకు అలవాటు లేని పని కావచ్చు. తెలీదని ఎగతాళి చేయకండి, తెలుసని అనుకోనూ అనుకోకండి. షోకి వారం ముందే ఆయన షెడ్డుకు వెళ్లి ఏమున్నాయో కళ్లతో చూడండి. బూరలు (హారన్ స్పీకర్లు) మాత్రమే ఉంటే బేసు రాదు, కింద సబ్ బాక్సులు కావాలని అప్పుడే చెప్పాలి.

ఒక పేజీ కాగితం ఇవ్వండి. పైన బొమ్మ: ఎవరు ఎక్కడ నిలబడతారు, ప్లగ్గులు ఎక్కడ కావాలి. కింద ఛానళ్ల జాబితా. చిన్న ఎనిమిది ఛానళ్ల మిక్సరుకు ఇలా సర్దుకోవచ్చు:

1. కిక్
2. డ్రమ్స్ మీద ఒక మైకు, డ్రమ్మరు తలకు పైన
3. బేసు, డీఐ నుంచి
4. గిటారు 1
5. గిటారు 2
6. ప్రధాన గొంతు
7. రెండో గొంతు
8. ఖాళీ, ఏదైనా చెడితే మార్చుకోవడానికి

సౌండ్‌చెక్‌లో చాలామంది కిక్‌తో మొదలుపెడతారు. చిన్న వేదిక మీద గొంతుతో మొదలుపెట్టండి. మైకు కూత పెట్టకుండా గొంతు ఎంత పైకి వెళ్తుందో ముందు తేల్చుకుని, మిగతావన్నీ దానికి కింద సర్దాలి. యాంపులు మోకాలి ఎత్తున పెట్టి మీ చెవి వైపు వంచితే తక్కువ మోతతో మీకు వినిపిస్తుంది.

ఇక ఎకో. మన మైకుసెట్లలో ఎకో మీట ఎప్పుడూ సగానికి పైనే ఉంటుంది. రాక్ పాటకు అది విషం, ప్రతి మాటా మూడుసార్లు వినిపించి డ్రమ్స్‌తో కొట్టుకుంటుంది. "గురువుగారూ, మా నలభై నిమిషాలూ ఎకో సున్నాకి పెట్టండి, ఆనక మీ ఇష్టం" అని మర్యాదగా అడగండి. అడిగాక మిక్సరు దగ్గర మీ మనిషినొకణ్ణి నిలబెట్టండి, మూడో పాటకల్లా అది మళ్లీ పైకి పోతుంది. వెళ్లేటప్పుడు ఆయన కుర్రాళ్లకు టీ డబ్బులు ఇవ్వడం మరిచిపోవద్దు.

## 9. కరెంటు: ఇక్కడ తొందరపడొద్దు

గిటారు తీగ మీద చెయ్యి, మైకు మీద పెదవి. రెండూ వేరువేరు బోర్డుల నుంచి కరెంటు తీసుకుంటూ ఒకదానికి ఎర్తింగు లేకపోతే, మధ్యలో వైరు మీరే. వాన పడ్డ పందిట్లో, తడి తివాచీ మీద, చెప్పుల్లేకుండా నిలబడితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే మల్టీమీటరును గిటారు కంటే ముందు రాశాను.

ప్లగ్గు పెట్టే ముందు, మీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి:

1. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య చూడండి. 210 నుంచి 245 లోపల ఉండాలి.
2. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య చూడండి. రెండు మూడు వోల్టులు దాటితే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.
3. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య చూడండి. మొదటి అంకెకు దగ్గరగా రావాలి. రాకపోతే ఎర్తింగు పేరుకే ఉంది.
4. అన్నీ తగిలించి ఆన్ చేశాక, తీగల్ని ముట్టుకోకుండా, మీటరు ముల్లు ఒకటి గిటారు తీగకు, ఇంకోటి మైకు జాలీకి ఆనించండి. కొద్ది వోల్టులు మించి చూపిస్తే ఎవరూ వాయించొద్దు.

మీటరు ముళ్లు పెట్టి ప్లగ్గు కొలవడం రాకపోతే నేర్చుకున్నవాళ్లతోనే చేయించండి.

వేదిక మీది సామానూ మిక్సరూ ఒకే బోర్డు నుంచి తీసుకోవాలి. లైట్లు వేరే ఫేజు మీద ఉండాలి. కరెంటు కారితే వెంటనే సరఫరా తెంచే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ బిగించిన సొంత ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి చేయించుకుని ప్రతి షోకీ తీసుకెళ్లండి.

హమ్ (స్పీకర్లలో ఆగని రొద) వస్తే కొందరు మూడో పిన్ను పీకేస్తారు. చచ్చినా ఆ పని చేయొద్దు. డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ మీట ఉంటుంది, అది నొక్కండి. ఆ మీట కేబుల్ షీల్డును మాత్రమే విడదీస్తుంది, మీ ప్రాణం కాపాడే ఎర్త్‌ను ముట్టుకోదు. అయినా పోకపోతే గిటారును ట్యూబులైట్లకు, ఎల్‌ఈడీ డిమ్మర్లకు దూరంగా తిప్పి చూడండి.

జనరేటరయితే ముందు లైట్లు వేయించి, నిలకడగా తిరిగాక కొలిచి, అప్పుడు తగిలించండి. మూడు ఫేజుల జనరేటరులో న్యూట్రల్ వదులైతే ఒక ఫేజు మీద వోల్టేజీ 400 దరిదాపులకు ఎగబాకవచ్చు. లైట్లు ఉన్నట్టుండి మిరుమిట్లు గొలిపితే పాట మధ్యలోనైనా బోర్డు మీది ఎంసీబీ మీట దించేయండి. కరెంటు పోయి జనరేటరుకు మారేటప్పుడు, తిరిగి వచ్చేటప్పుడు యాంపులు ఆఫ్‌లో ఉండాలి.

ఇళ్లల్లో వాడే చౌక స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద యాంపు తుమ్మెదలా రొద పెడుతుంది. గదికి ఇన్వర్టరు కొంటుంటే ప్యూర్ సైన్ వేవ్‌ది అడగండి.

## 10. షో రోజు

- అదనపు తీగలు రెండు సెట్లు, పిక్కులు, స్టిక్కులు రెండు జతలు
- అదనపు వైర్లు, బ్యాటరీలు, పెద్ద టేపు, స్క్రూడ్రైవరు, అలెన్ కీలు
- మల్టీమీటరు, ఆర్‌సీసీబీ బోర్డు
- రబ్బరు చాప, రబ్బరు అడుగున్న బూట్లు
- పాటల వరుస నాలుగు కాపీలు, లావు అక్షరాల్లో
- సామాను కప్పడానికి టార్పాలిన్ (ఆకాశం ఎలా ఉన్నా)
- అనుమతి కాగితం ఫోటో, కమిటీ మనిషి నంబరు

మూడు గంటల ముందు చేరండి. ఏసీ కారులోంచి తీసిన గిటారును వెంటనే ట్యూన్ చేయొద్దు. అరగంట బయటి గాలికి ఆరనిచ్చి చేస్తే నిలుస్తుంది. భోజనం కమిటీ పెడుతుంది, అదీ గోదావరి జిల్లాల మర్యాదతో. పాడేవాళ్లు మాత్రం షో అయ్యాకే పెరుగన్నం దాకా వెళ్లాలి.

## 11. రికార్డింగు, విడుదల

మొదటి షో అయ్యాకే రికార్డింగు. జనం ముందు వాయించాక పాటలో ఏది అనవసరమో తెలుస్తుంది.

ఒక పాటతో మొదలుపెట్టండి. రికార్డింగు సెట్టింగు 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. రికార్డు చేసేటప్పుడు శిఖరాలు మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. గొంతు రాత్రి తీయాలి, కానీ వానాకాలంలో కప్పలు, చెరువుల పక్కనైతే రొయ్యల ఏరేటర్లు రాత్రంతా మోగుతాయి. గది ఎంచుకునే ముందు రాత్రి పన్నెండుకు వెళ్లి ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని వినండి. స్పాటిఫై పాట మోతను (దాన్ని లఫ్స్‌లో కొలుస్తారు) మైనస్ 14 లఫ్స్‌కు సర్దుతుంది. అంతకన్నా మోతగా ఉండాలని కంప్రెసరుతో నలిపి పంపితే వినేవాళ్లకు మోత పెరగదు, డ్రమ్స్ చచ్చిపోతాయి.

పాటను స్పాటిఫై లాంటివాటికి చేర్చే డిస్ట్రిబ్యూటరుకు నాలుగు వారాల ముందు ఇవ్వండి. స్పాటిఫైలో ఎడిటర్లకు పాట చూపించాలంటే విడుదలకు కనీసం 7 రోజుల ముందు పంపాలి. ప్రతి రికార్డింగుకూ దాన్ని గుర్తించే ఐఎస్‌ఆర్‌సీ నంబరు ఉండాలి, డిస్ట్రిబ్యూటరే ఇస్తుంది. పాట పేరు, సాహిత్యం తెలుగు లిపిలో కూడా ఎక్కించండి.

## 12. డబ్బు, హక్కులు

నలుగురుంటే వచ్చిన డబ్బు ఐదు వాటాలు. ఐదోది బ్యాండుది: తీగలు, డీజిల్, గది అద్దె అందులోంచే. సగం అడ్వాన్సు రాకుండా బండి కట్టొద్దు. మిగతా సగం వేదిక ఎక్కే ముందు తీసుకోవాలి. దిగాక కమిటీ మనిషి కనపడడు, ఫోన్ ఎత్తడు.

రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు తమకొచ్చే రాయల్టీని వసూలుచేసే సంఘం ఐపీఆర్‌ఎస్‌లో సభ్యులుగా చేరండి. ఎవరైనా లేబుల్‌వాళ్లు కాగితం తెస్తే సంతకానికి ముందు ఇవి చూడండి:

- ఎన్నేళ్లకు రాసిస్తున్నారు? కాగితంలో లేకపోతే కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం 5 ఏళ్లు
- ఏ ప్రాంతానికి? రాయకపోతే భారతదేశం వరకే
- ఎంత డబ్బు, ఎప్పుడిస్తారు?
- రచయిత, స్వరకర్త రాయల్టీ వదులుకున్నట్టు ఎక్కడైనా ఉందా? 2012 సవరణ తర్వాత ఆ వాటాను లేబుల్‌కు రాసివ్వడం చెల్లదు. ఆ వాక్యం కనిపిస్తే కొట్టేయించండి
- "సర్వహక్కులు శాశ్వతంగా" అని ఉందా? ఉంటే కాగితం జేబులో పెట్టుకుని, తెలిసిన లాయరుకు చూపించి, వారం తర్వాత ఫోన్ చేస్తామని చెప్పి వచ్చేయండి